యాప్ ఆధారిత క్యాబ్‌లకు విద్యుత్ కార్లు – డ్రైవరు ఆదాయ వ్యయాల పరిశీలన

ప్రత్యేక వ్యాసం

హైదరాబాద్: మొబైల్ యాప్‌ల ద్వారా నడిచే క్యాబ్ సేవలలో విద్యుత్ కార్ల వినియోగాన్ని ప్రోత్సహించేందుకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కొన్ని సంవత్సరాలుగా పన్ను రాయితీలు, పర్మిట్ మినహాయింపులు ప్రకటిస్తూ వస్తున్నాయి. వాయు కాలుష్యం తగ్గడం, చమురు దిగుమతి భారం తగ్గడం ఈ విధానాల ప్రధాన లక్ష్యాలు. అయితే కారు కొనుగోలుకు బ్యాంకు రుణం తీసుకొని, ప్రతి నెలా వాయిదా చెల్లించవలసినవాడు డ్రైవరు. విద్యుత్ కారు అతనికి గిట్టుబాటు అవుతుందా, అయితే ఏ పరిస్థితులలో అవుతుంది అన్న అంశాన్ని హైదరాబాద్ నగరాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసంలో వివరించడమైనది.

ప్రయాణికుడు చెల్లించే చార్జీ కారు విద్యుత్‌తో నడిచినా, గ్యాసుతో నడిచినా దాదాపు ఒక్కటే. కావున విద్యుత్ కారు వల్ల డ్రైవరుకు కలిగే లాభం రాబడిలో కాక, ఖర్చు తగ్గుదలలోనే కనబడాలి. ఆ తగ్గుదల, కారుకు అదనంగా చెల్లించే వాయిదా కంటే ఎక్కువగా ఉన్నప్పుడే గిట్టుబాటు అయినట్లు.

ప్రభుత్వ ప్రోత్సాహకాలు:

విద్యుత్ వాహనాల వినియోగాన్ని పెంచేందుకు కేంద్ర ప్రభుత్వం 2015 ఏప్రిల్ 1న ఫేమ్ పథకాన్ని ప్రారంభించింది. రూ. 10,000 కోట్ల కేటాయింపుతో రెండవ దశ 2019 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, 2024 మార్చి 31తో ముగిసింది. రెండవ దశలో నాలుగు చక్రాల వాహనాలకు సంబంధించి ప్రజా రవాణాకు, వాణిజ్య అవసరాలకు రిజిస్టరు అయిన కార్లకే సబ్సిడీ వర్తించింది. బ్యాటరీ సామర్థ్యంలో ప్రతి కిలోవాట్ అవర్‌కు రూ. 10,000 చొప్పున ఈ సబ్సిడీ లభించింది. ఆ లెక్కన 26 కిలోవాట్ అవర్ల బ్యాటరీ గల క్యాబ్‌కు గరిష్ఠంగా రూ. 2.60 లక్షల మేరకు ధర తగ్గే వీలుండేది.

దీని తరువాత 2024 అక్టోబరు 1న రూ. 10,900 కోట్ల కేటాయింపుతో పి.ఎం. ఇ-డ్రైవ్ పథకం ప్రారంభమైంది. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలు, అంబులెన్సులు, ట్రక్కులు, బస్సులు, చార్జింగ్ కేంద్రాలు ఈ పథకం పరిధిలో ఉన్నాయి. కార్లకు కొనుగోలు సబ్సిడీ ఇందులో లేదు. అంటే 2024 ఏప్రిల్ తరువాత విద్యుత్ క్యాబ్ కొనే డ్రైవరు కేంద్ర సబ్సిడీ లేకుండానే తన లెక్క చూసుకోవలసి వచ్చింది.

విద్యుత్ వాహనాలపై వస్తు సేవల పన్నును 2019 ఆగస్టు 1 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించడం జరిగింది. అప్పట్లో చిన్న పెట్రోలు, సి.ఎన్‌.జి. కార్లపై 28 శాతం పన్ను, దానిపై 1 శాతం సెస్సు ఉండేవి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై పన్ను 18 శాతానికి తగ్గింది. విద్యుత్ కార్లపై 5 శాతం యథాతథంగా కొనసాగింది. ఫలితంగా రెండు రకాల కార్ల పన్నుల మధ్య వ్యత్యాసం 24 శాతం నుంచి 13 శాతానికి తగ్గింది. సి.ఎన్‌.జి. క్యాబ్ ధర తగ్గడంతో విద్యుత్ క్యాబ్‌కు పోటీ మరింత పెరిగింది.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2018 అక్టోబరులో జారీ చేసిన నోటిఫికేషన్ ద్వారా బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ అవసరాన్ని తొలగించింది. 2021 ఆగస్టులో రిజిస్ట్రేషన్ పత్రం జారీ, పునరుద్ధరణ రుసుముల నుంచి కూడా ఈ వాహనాలను మినహాయించింది.

తెలంగాణ ప్రభుత్వం 2020 అక్టోబరు 30న విద్యుత్ వాహనాల విధానాన్ని విడుదల చేసింది. తొలి 5,000 టాక్సీలు, టూరిస్ట్ క్యాబ్‌లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపును అందులో పొందుపరచింది. 2024 నవంబరు 18 నుంచి అమలులోకి వచ్చిన జి.ఓ. 41 ద్వారా ఈ సంఖ్యా పరిమితిని తొలగించి, 2026 డిసెంబరు 31 వరకు 100 శాతం మినహాయింపు కల్పించడం జరిగింది.

లెక్కకు ఆధారాలు:

దిగువ ఇచ్చిన లెక్క ఒక ఉదాహరణ మాత్రమే. ధరలు, వడ్డీ రేట్లు, మైలేజీ మారినప్పుడు ఫలితం కూడా మారుతుంది. డ్రైవరు తన సొంత అంకెలను వేసి చూసుకొనేందుకు వీలుగా ఆధారాలన్నీ పేర్కొనడమైనది.

1. సి.ఎన్‌.జి. సెడాన్ క్యాబ్ రోడ్డు మీదికి వచ్చేసరికి రూ. 8 లక్షలు, విద్యుత్ సెడాన్ క్యాబ్ పన్ను మినహాయింపు పోగా రూ. 12.50 లక్షలు.

2. రెండింటికీ మొత్తం ధర రుణమే. గడువు 5 సంవత్సరాలు. వడ్డీ సి.ఎన్‌.జి. కారుకు 10 శాతం, విద్యుత్ కారుకు 12 శాతం.

3. సి.ఎన్‌.జి. కిలో రూ. 95; కిలోకు 24 కి.మీ.

4. విద్యుత్ కారు యూనిట్‌కు 6.5 కి.మీ. (చార్జింగ్‌లో కలిగే నష్టంతో కలిపి). ఇంటి వద్ద యూనిట్ రూ. 8, పబ్లిక్ ఫాస్ట్ చార్జింగ్ కేంద్రంలో 18 శాతం జి.ఎస్‌.టి.తో కలిపి యూనిట్ రూ. 20.

5. ఇంజన్ ఆయిల్, క్లచ్ వంటివి లేనందున సర్వీసింగులో ఆదా కి.మీ.కు 50 పైసలు.

6. నెలకు 25 పనిదినాలు.

బీమా ప్రీమియం, టైర్లు, టోల్ రుసుము, యాప్ కమీషన్ లెక్కలో చేర్చలేదు.

ఈ ఆధారాల ప్రకారం సి.ఎన్‌.జి. కారు నెలవారీ వాయిదా సుమారు రూ. 17,000, విద్యుత్ కారు వాయిదా సుమారు రూ. 27,800. అంటే విద్యుత్ కారు ఎంచుకొన్న డ్రైవరు 60 నెలల పాటు నెలకు రూ. 10,800 అదనంగా చెల్లించాలి. ఈ మొత్తాన్ని ఇంధనంలోను, సర్వీసింగులోను ఆదా చేయగలిగితేనే అతను సి.ఎన్‌.జి. డ్రైవరుతో సమానంగా నిలుస్తాడు.

కి.మీ.కు ఇంధన వ్యయం సి.ఎన్‌.జి. కారుకు రూ. 3.96. విద్యుత్ కారుకు ఇంటి వద్ద చార్జింగ్ చేసుకొంటే రూ. 1.23; పబ్లిక్ కేంద్రంలో అయితే రూ. 3.08. ఒకే కారు, ఒకే రహదారి, ఒకే డ్రైవరు అయినప్పటికీ చార్జింగ్ చేసే చోటును బట్టి ఖర్చు రెండున్నర రెట్లు మారుతుంది.

రోజుకు ఎన్ని కిలోమీటర్లు:

సి.ఎన్‌.జి. కారుతో పోల్చినప్పుడు విద్యుత్ కారు వల్ల డ్రైవరుకు నెలకు మిగిలే లేదా తగ్గే మొత్తం సుమారుగా ఈ విధంగా ఉంటుంది.

రోజుకు 100 కి.మీ.: ఇంటి చార్జింగ్‌తో రూ. 2,700 నష్టం, పబ్లిక్ చార్జింగ్‌తో రూ. 7,400 నష్టం.

రోజుకు 150 కి.మీ.: ఇంటి చార్జింగ్‌తో రూ. 1,300 లాభం, పబ్లిక్ చార్జింగ్‌తో రూ. 5,600 నష్టం.

రోజుకు 200 కి.మీ.: ఇంటి చార్జింగ్‌తో రూ. 5,300 లాభం, పబ్లిక్ చార్జింగ్‌తో రూ. 3,900 నష్టం.

ఇంటి వద్దనే చార్జింగ్ చేసుకొనే డ్రైవరు రోజుకు 134 కి.మీ. నడిపితే ఖర్చులు సరిసమానం అవుతాయి. సగం ఇంటి వద్ద, సగం పబ్లిక్ కేంద్రంలో చార్జింగ్ చేసుకొనేవారికి ఆ దూరం 188 కి.మీ. పూర్తిగా పబ్లిక్ కేంద్రాలపై ఆధారపడినవారు రోజుకు 313 కి.మీ. నడపవలసి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2020 నవంబరులో జారీ చేసిన మోటారు వాహన అగ్రిగేటర్ మార్గదర్శకాలు డ్రైవరు పనివేళను రోజుకు 12 గంటలకు పరిమితం చేశాయి. 12 గంటలలో 313 కి.మీ. నడపాలంటే ఒక్క నిమిషం ఆగకుండా గంటకు సగటున 26 కి.మీ. వేగంతో సాగాలి. నగర రద్దీలో, సవారీ కోసం వేచి ఉండే సమయంతో కలిపి, ఇది ఆచరణ సాధ్యం కాదు.

ఈ అంకెలను బట్టి చూస్తే, విద్యుత్ కారు గిట్టుబాటును నిర్ణయించేది కారు ఒక్కటే కాదు. రాత్రివేళ ఆ కారును నిలిపే చోట ప్లగ్ ఉన్నదా లేదా అన్నదే ప్రధానం.

ఇంటి చార్జింగ్ – ఆచరణలో ఇబ్బందులు:

26 కిలోవాట్ అవర్ల బ్యాటరీని 3 కిలోవాట్ల సాధారణ చార్జర్‌తో నింపడానికి సుమారు 9 గంటలు పడుతుంది. రాత్రి ఇంటికి చేరిన డ్రైవరుకు ఈ సమయం సరిపోతుంది. అయితే సొంత పార్కింగ్ స్థలం లేని అద్దె ఇండ్లలో ఉండేవారు కారును వీధిలోనే నిలుపుకోవలసి వస్తుంది. ఇంటి యజమాని అనుమతి లేకుండా మీటరు నుంచి తీగ లాగడం సాధ్యం కాదు. రోడ్డు మీదుగా లాగడం ప్రమాదకరం కూడా.

విద్యుత్ బిల్లు విషయంలోను జాగ్రత్త అవసరం. రోజుకు 150 కి.మీ. నడిపే కారుకు నెలకు సుమారు 577 యూనిట్ల విద్యుత్ కావాలి. తెలంగాణలో 2024 మార్చి నుంచి అమలులోకి వచ్చిన గృహజ్యోతి పథకం కింద అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్ ఉచితం. కారు చార్జింగ్‌ను అదే గృహ మీటరుకు కలిపితే వాడకం 200 యూనిట్లు దాటి, ఆ నెల సున్నా బిల్లు వర్తించదు. పైగా గృహ విభాగంలో వాడకం పెరిగే కొద్దీ యూనిట్ రేటు కూడా పెరుగుతుంది. అందువలన ఒకే మీటరుపై చార్జింగ్ చేసుకొనే డ్రైవరుకు యూనిట్ రూ. 8 అన్న అంచనా నిలవకపోవచ్చు. కారు కొనడానికి ముందే చార్జింగ్ కోసం ప్రత్యేక మీటరు తీసుకొనే అవకాశాన్ని డిస్కం కార్యాలయంలో విచారించుకోవడం మేలు.

పబ్లిక్ కేంద్రాలు – సమయం, ధర:

పబ్లిక్ ఫాస్ట్ చార్జింగ్‌లో సొమ్ముతో పాటు సమయం కూడా ఖర్చవుతుంది. ఒక్కో విడతకు 18 యూనిట్లు నింపుకొంటే నెలకు 577 యూనిట్లకు 32 విడతలు అవసరమవుతాయి. వరుసలో వేచి ఉండే సమయంతో కలిపి విడతకు ఒక గంట చొప్పున లెక్కించినా, నెలకు సుమారు మూడు పనిదినాలు చార్జింగ్ కేంద్రంలోనే గడిచిపోతాయి. కేంద్రం వరకు సవారీ లేకుండా ఖాళీగా నడిచే దూరం దీనికి అదనం.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. 2017 మే 26న నాగపూర్‌లో ఓలా సంస్థ సుమారు 200 విద్యుత్ వాహనాలతో ప్రయోగాత్మక సేవలను ప్రారంభించింది. చార్జింగ్ కోసం గంటల తరబడి నిరీక్షణ, ఖర్చుల భారం కారణంగా కొందరు డ్రైవర్లు విద్యుత్ కార్లను తిరిగి ఇచ్చివేయదలచినట్లు 2018 ఆరంభంలో వార్తలు వెలువడ్డాయి. ఆనాటి కంటే నేటి కార్ల బ్యాటరీలు పెద్దవి. ఒక్క చార్జింగ్‌తో సాగే దూరం కూడా ఎక్కువ. అయినప్పటికీ వేచి ఉండే సమయానికి డ్రైవరు చెల్లించే మూల్యం మారలేదు.

కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబరు 17న జారీ చేసిన మార్గదర్శకాలలో ఈ సమస్యకు పాక్షిక పరిష్కారం కనిపిస్తుంది. చార్జింగ్ కేంద్రాలకు సరఫరా చేసే విద్యుత్ ధర, ఉదయం 9 గంటల నుంచి సాయంత్రం 4 గంటల వరకు గల సౌర సమయంలో సగటు సరఫరా వ్యయానికి 0.7 రెట్లుగాను, మిగిలిన సమయంలో 1.3 రెట్లుగాను ఉండాలని అందులో సూచించడం జరిగింది. మధ్యాహ్నం సవారీలు తక్కువగా ఉండే వేళలో చార్జింగ్ చేసుకొనే డ్రైవరుకు ఇది అనుకూలం. అయితే కేంద్రం నిర్వాహకుడు ఆ తగ్గింపును వినియోగదారునికి బదిలీ చేసినప్పుడే దాని ఫలితం డ్రైవరుకు అందుతుంది.

వడ్డీ, సబ్సిడీల ప్రభావం:

విద్యుత్ కారు రుణంపై వడ్డీ 12 శాతం నుంచి 9 శాతానికి తగ్గితే నెలవారీ వాయిదా సుమారు రూ. 1,860 తగ్గుతుంది. ఇంటి వద్ద చార్జింగ్ చేసుకొనే డ్రైవరుకు ఖర్చులు సరిసమానమయ్యే దూరం రోజుకు 134 కి.మీ. నుంచి 111 కి.మీ.కు దిగుతుంది. 2024 మార్చితో ముగిసిన సబ్సిడీ గరిష్ఠ స్థాయిలో నేడు లభించి, వడ్డీ 12 శాతంగానే ఉన్నదనుకొంటే, ఆ దూరం 62 కి.మీ. మాత్రమే. సబ్సిడీ రద్దు వల్ల పడిన భారం ఎంతటిదో ఈ వ్యత్యాసమే తెలియజేస్తుంది.

రుణం తీరిన పాత కారు గల డ్రైవరు పరిస్థితి వేరు. లీటరు డీజిల్ ధర రూ. 95, మైలేజీ 18 కి.మీ. అనుకొంటే, రోజుకు 150 కి.మీ. నడిపే డీజిల్ కారుకు నెలకు సుమారు రూ. 19,800 ఇంధనానికే అవుతుంది. దాని స్థానంలో విద్యుత్ కారు తీసుకొని ఇంటి వద్ద చార్జింగ్ చేసుకొంటే నెలకు సుమారు రూ. 17,000 ఆదా అవుతుంది. కానీ కొత్త వాయిదా రూ. 27,800. బాగా నడుస్తున్న కారును ముందుగానే పక్కన పెట్టి విద్యుత్ కారుకు మారడం ఈ డ్రైవరుకు నెలకు రూ. 10,000కు పైగా నష్టం. పాత కారు కాలం తీరి, ఏదో ఒక కొత్త కారు కొనక తప్పని సమయమే మార్పుకు తగిన సమయం.

బ్యాటరీ వారంటీ:

దేశంలో అమ్ముడవుతున్న పలు విద్యుత్ కార్ల బ్యాటరీకి 8 సంవత్సరాలు లేదా 1.60 లక్షల కి.మీ., ఏది ముందైతే అది అన్న షరతుతో వారంటీ లభిస్తున్నది. సొంత అవసరాలకు కారు వాడేవారికి 8 సంవత్సరాల గడువు ముఖ్యం. క్యాబ్ డ్రైవరుకు కిలోమీటర్ల పరిమితి ముఖ్యం. రోజుకు 150 కి.మీ. నడిపే క్యాబ్ 43 నెలలలో ఆ పరిమితిని చేరుతుంది, 200 కి.మీ. నడిపేది 32 నెలలలోనే చేరుతుంది. రుణ గడువు 60 నెలలు. అంటే చివరి 17 నుంచి 28 నెలల వాయిదాలను వారంటీ లేని బ్యాటరీతో చెల్లించవలసి వస్తుంది. ఎక్కువ దూరం నడిపితేనే లాభం, ఎక్కువ దూరం నడిపితే వారంటీ త్వరగా ముగింపు – డ్రైవరు ముందున్న చిక్కు ఇదే. వాణిజ్య వాహనాలకు వారంటీ షరతులు వేరుగా ఉండవచ్చు గనుక, కొనుగోలుకు ముందు వారంటీ పత్రాన్ని పూర్తిగా చదివించుకోవాలి.

రుణం తీరిన తరువాత బ్యాటరీ సవ్యంగా ఉంటే, ఇంటి వద్ద చార్జింగ్ చేసుకొనే డ్రైవరుకు నెలకు రూ. 12,000 వరకు ఆదా పూర్తిగా చేతికి వస్తుంది. విద్యుత్ కారు అసలు లాభం ఆరవ సంవత్సరం నుంచే మొదలవుతుందని చెప్పవచ్చు.

లీజు విధానం:

కారు సొంతం కాకుండా, సంస్థ వద్ద అద్దెకు తీసుకొని నడిపే విధానంలో బ్యాటరీ భారం, రుణ భారం డ్రైవరుపై ఉండవు. 2025 జూలైలో జారీ అయిన అగ్రిగేటర్ మార్గదర్శకాల ప్రకారం సొంత కారు గల డ్రైవరుకు చార్జీలో కనీసం 80 శాతం, సంస్థకు చెందిన కారు నడిపే డ్రైవరుకు కనీసం 60 శాతం దక్కాలి.

ఈ విధానంలోను ఒక ముప్పు ఉన్నది. ఢిల్లీ రాజధాని ప్రాంతంలోను, ఆ తరువాత బెంగళూరులోను పూర్తిగా విద్యుత్ కార్లతోనే సేవలందించిన బ్లూస్మార్ట్ 2025 ఏప్రిల్‌లో సేవలను నిలిపివేసింది. ఆ సంస్థకు కార్లను లీజుకిచ్చిన జెన్సోల్ ఇంజనీరింగ్‌పై, రుణ నిధుల మళ్లింపు ఆరోపణలకు సంబంధించి సెబీ 2025 ఏప్రిల్ 15న మధ్యంతర ఉత్తర్వు జారీ చేసిన నేపథ్యంలో ఇది జరిగింది. నడపడానికి కార్లు లేక డ్రైవర్ల జీవనాధారం ఒక్కసారిగా ఆగిపోయింది. లీజు ఒప్పందంలో డిపాజిట్ వాపసు, ముందస్తు నోటీసు వంటి షరతులను పరిశీలించవలసిన అవసరాన్ని ఈ సంఘటన తెలియజేస్తుంది.

డ్రైవరు పరిశీలించవలసిన అంశాలు:

1. గత మూడు నెలలలో రోజుకు సగటున నడిపిన దూరం. అందులో సవారీ లేకుండా నడిచిన దూరం.

2. రాత్రి కారు నిలిపే స్థలంలో చార్జింగ్ సౌకర్యం, యజమాని అనుమతి, ప్రత్యేక మీటరు.

3. కనీసం రెండు బ్యాంకుల వడ్డీ రేటు, రుణ గడువు.

4. వాణిజ్య వినియోగానికి బ్యాటరీ వారంటీలో కిలోమీటర్ల పరిమితి.

5. ప్రస్తుతం ఉన్న కారు రుణం స్థితి, మిగిలిన కాలం.

ముగింపు:

రోజుకు 135 కి.మీ.కు పైగా నడిపి, ఇంటి వద్ద తక్కువ ధరకు చార్జింగ్ చేసుకోగలిగి, ఎటూ కొత్త కారు కొనవలసిన డ్రైవరుకు విద్యుత్ కారు గిట్టుబాటు అవుతుంది. ప్లగ్ లేని డ్రైవరుకు పన్ను మినహాయింపు ఉన్నప్పటికీ గిట్టుబాటు కాదు. కార్ల ధరపై ఇచ్చే రాయితీతో పాటు, డ్రైవర్లు నివసించే బస్తీలు, కాలనీల సమీపంలో రాత్రివేళ నెమ్మదిగా చార్జింగ్ చేసుకొనే పార్కింగ్ స్థలాలు, తక్కువ వడ్డీ రుణాలు, క్యాబ్‌లకు తగిన వారంటీ లభించినప్పుడు ఈ లెక్క ఎక్కువ మంది డ్రైవర్లకు అనుకూలంగా మారే అవకాశం ఉన్నది.